చుట్టపు చూపు

ప్రతి ఆదివారం సాయంత్రం మా అమ్మాయి జపాన్ నుంచి ఫోటోలు పంపిస్తుంది. ఒక వారం ఎనోషిమా దీవి, ఒక వారం తకావో కొండ. తకావో ఎత్తు 599 మీటర్లేనట. టోక్యోలో షింజుకు స్టేషన్ నుంచి రైల్లో గంటలోపే చేరొచ్చట. డెబ్భై ఏళ్ళ అమ్మమ్మలు చేతికర్రలు పట్టుకుని తనకంటే ముందే పైకి ఎక్కేస్తున్నారట. కొండమీద తిన్న నూడుల్స్, దూరంగా కనిపించిన ఫుజి శిఖరం, తిరుగు రైల్లో అల్లుడి నిద్రమొహం అన్నీ వరసగా వస్తాయి. ఉట్నూరులో మా ఇంటి వరండాలో కూర్చుని, కళ్ళజోడు సవరించుకుంటూ అవన్నీ చూడటం నాకు ఆదివారపు పని.

వాళ్ళు వెళ్ళి మూడేళ్ళు దాటింది. అల్లుడికి అక్కడ కంపెనీలో ఉద్యోగం. ఎంటెక్ చదివిన మా పిల్ల అతని కుటుంబసభ్యురాలిగా వీసా తీసుకుని వెళ్ళింది. ఆ వీసా మీద ఉన్నవాళ్ళు విడిగా అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటల వరకే పని చేసుకోవచ్చు. కాబట్టి వారమంతా దాని పని భాష నేర్చుకోవడం, వండటం, ఏ రోజు ఏ చెత్త బయట పెట్టాలో గుర్తుపెట్టుకోవడం. ఆదివారం మాత్రం ఇద్దరూ తిరగడానికి బయలుదేరతారు.

కిందటేడు దీపావళి రోజు ఫోన్ చేసినప్పుడు దాని గొంతు మామూలుగా లేదు. "అమ్మా, ఇక్కడ అందరూ మర్యాదగానే ఉంటారు. కనపడితే వంగి నమస్కారం పెడతారు. దారి అడిగితే పని మానుకుని వచ్చి చూపిస్తారు. కానీ మూడేళ్ళలో ఒక్కరు కూడా ఇంట్లోకి రమ్మనలేదు. వాళ్ళ దేశంలో సగం తిరిగేశాం. ఒక్క వంటిల్లు చూడలేదు. ఇల్లు మారినప్పుడు పక్కవాళ్ళకి చిన్న కానుక ఇచ్చి పరిచయం చేసుకోవడం ఇక్కడి పద్ధతి అంటే, టవళ్ళు కొని ఇంటింటికీ తీసుకెళ్ళాను. రెండు చేతులతో తీసుకున్నారు, తలుపు వేసుకున్నారు. గడప ఇవతలే ఉండిపోయానమ్మా."

నేను ఏవో ఓదార్పు మాటలు చెప్పాను. వాళ్ళ ఇళ్ళు చిన్నవి బిడ్డా, వాళ్ళ అలవాట్లు వేరు అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ రాత్రి నిద్రపట్టలేదు. గడప ఇవతల ఉండిపోయిన ఇంకొక మనిషి నాకు గుర్తొచ్చింది. ఆ గడప మాది.

*

నేను ఉట్నూరు వచ్చింది 1994లో, పెళ్ళయిన నాలుగో నెలలో. మాది జగిత్యాల. మా ఆయనకి ప్రభుత్వోద్యోగం. ఉట్నూరుకు బదిలీ అనగానే మావాళ్ళంతా ఆయనకేదో శిక్ష పడినట్టు మాట్లాడారు. 'ఏజెన్సీ' అన్నమాటకి మైదానపు ఊళ్ళలో అప్పుడు అదే అర్థం. మలేరియా, అడవి, అన్నలు, పొద్దుగూకితే దొరకని బస్సు. వెళ్తావా అని నన్నెవరూ అడగలేదు. భార్యను అడగాల్సిన ప్రశ్న అది కాదు కదా.

వచ్చాక మాకంటూ ఒక చిన్న లోకం ఏర్పడింది. కరీంనగర్, నిర్మల్, వరంగల్, గుంటూరు, ఇలా ఎక్కడెక్కడినుంచో ఉద్యోగాలకు వచ్చిన కుటుంబాలు. ఒకరింటికి ఒకరం వెళ్ళేవాళ్ళం. వినాయకచవితి, బతుకమ్మ కలిసి చేసుకునేవాళ్ళం. మా మాటల్లో 'మనవాళ్ళు' అంటే మేము. 'వీళ్ళు' అంటే గోండులు, కొలాములు, పర్ధానులు. వీళ్ళకి ఏమీ తెలియదు, వీళ్ళు అమాయకులు, వీళ్ళని నమ్మలేం అని ఒకే నోటితో అనేవాళ్ళం. ఊరు వాళ్ళది, కోట వాళ్ళ రాజులది, గుట్టలకూ వాగులకూ ఉన్న పేర్లు వాళ్ళు పెట్టుకున్నవి. అయినా మా లెక్కలో బయటివాళ్ళు వాళ్ళే.

ఆదివారం వచ్చిందంటే రెండు మూడు స్కూటర్ల మీదో, ఎవరి జీపులోనో బయలుదేరేవాళ్ళం. కడెం, జన్నారం అడవి, పొచ్చెర, కుంటాల. మగవాళ్ళు 'పోదాం పదండి' అంటే సరిపోయేది. మేము నాలుగింటికి లేచి పులిహోర కలిపి, పూరీలు వత్తి, పిల్లలకి జత బట్టలు సర్ది, తిరిగొచ్చాక ఆ గిన్నెలన్నీ తోమేవాళ్ళం. అయినా ఆ ఆదివారాలంటే నాకు ప్రాణం. జగిత్యాలలో పెళ్ళికి ముందు నేను ఊరికే తిరగడానికని గడప దాటిన గుర్తు లేదు. కుంటాలలో చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని నీళ్ళలో నిలబడి గట్టిగా నవ్వినప్పుడు, ఆ నవ్వు నాదేనా అని నాకే ఆశ్చర్యమేసింది. ఆడదానికి పనిలేని నడక, కారణం లేని నవ్వు చిన్న విషయాలు కావు. అందుకే ఆ సంతోషాన్ని ఇవాళ తక్కువ చేసి మాట్లాడలేను. కానీ ఆ స్వేచ్ఛ నాకు దొరికింది ఇంకొకరి నేలమీద. ఆ సంగతి మాత్రం నేను చాలా ఏళ్ళు పట్టించుకోలేదు.

కుంటాల వెళ్ళాలంటే ఉట్నూరు నుంచి ఇంద్రవెల్లి, గుడిహత్నూరు, ఇచ్చోడ మీదుగా నేరడిగొండకి వెళ్ళాలి. ఇంద్రవెల్లిలో ఎర్రటి స్తూపం కనిపించేది. 1981 ఏప్రిల్ 20న అక్కడ సభకు వచ్చిన ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. వాళ్ళు అడిగింది భూమికి పట్టాలు. చనిపోయినవాళ్ళు 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. అంతకంటే చాలా ఎక్కువని హక్కుల సంఘాలు చెప్పాయి. స్తూపాన్ని ఒకసారి కూల్చేస్తే మళ్ళీ కట్టారు. మేము ఎన్ని ఆదివారాలు దాని పక్కనుంచి వెళ్ళామో లెక్కలేదు. ఒక్కసారి కూడా ఆగలేదు. ఆగితే పోలీసులు ఏమనుకుంటారో అని మగవాళ్ళకు భయం. నాకు ఆ భయం కూడా లేదు. పూరీలు చల్లారిపోతాయన్నదే నా ధ్యాస.

*

1997 దీపావళి రోజుల్లో ఒక ఆదివారం మా గుంపులో ఎవరో 'దండారీ చూద్దాం' అన్నారు. నెమలీకల టోపీలు పెట్టుకుని ఒంటికి బూడిద పూసుకుని ఆడే గుస్సాడీలను మేము అప్పటికి దూరంనుంచే చూశాం. ఆ రోజు దగ్గరి గోండుగూడెం ఒకదానికి వెళ్ళాం. ఎవరినీ అడగలేదు. పిలుపు లేదు, కబురు లేదు. ఆట ఇంకా మొదలు కాలేదు కాబట్టి ఊళ్ళో తిరగడం మొదలుపెట్టాం. మట్టితో నున్నగా అలికిన వాకిళ్ళు, వెదురుతడికల గోడలు, కప్పుకు వేలాడదీసిన మక్కజొన్న కంకులు. 'ఎంత శుభ్రంగా ఉందో' అని ఆశ్చర్యపోయాం. ఆ ఆశ్చర్యంలో ఎంత అవమానం ఉందో అప్పుడు తెలియలేదు. ఒక ఇంట్లో బాలింత పిల్లకు పాలిస్తోంది. మా గుంపులోని ఒకాయన గుమ్మంలోంచి ఫోటో తీశాడు. నేను ఆయన వెనకాలే, ఏడాదిపిల్లని చంకనేసుకుని, మెడ సాచి లోపలికి చూస్తున్నాను.

ఒక పెద్దావిడ వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. అరవలేదు. నా మొహంలోకే చూసింది. "మా ఇల్లు జూసిన్రు గదా. మీ ఇల్లు యాడ?" అంది.

ఉట్నూరులో ఫలానా చోట అని చెప్పాను. తప్పించుకోవడానికి, "రా బాయి, ఎప్పుడన్నా" అని కూడా అన్నాను.

ఆమె నిజంగానే వచ్చింది. రెండు వారాల తర్వాత, సంతరోజు, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళతో. "రాం రాం" అంటూ వరండా మెట్టు మీదికొచ్చి నిలబడింది. నన్ను గుర్తుపట్టి నవ్వింది. కొంగుముడి విప్పి చిక్కుడు గింజలు తీసి నా చేతిలో పోసింది. ఆ తర్వాత లోపలికి చూసింది. ఆ చూపులో దాపరికమేమీ లేదు. నేను వాళ్ళ ఇల్లు చూశాను, ఇప్పుడు తను మా ఇల్లు చూడటానికి వచ్చింది. లెక్క సరిపోవాలి కదా.

నేను గుమ్మంలో నిలబడిపోయాను. కూర్చోండి అని వరండాలో చాప వేశాను. చాయ్ పెట్టుకొచ్చాను. ఇంట్లో డజను స్టీలు గ్లాసులున్నాయి. పనిమనిషి కోసం, దారిన పోయే వాళ్ళకోసం విడిగా ఉంచిన మూడు సొట్టగ్లాసుల్లో చాయ్ పోసి తెచ్చాను. ఇదంతా అత్తమ్మ ఏమంటుందో అన్న భయంతో చేశానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. అత్తమ్మ ఆ వారం జగిత్యాలలో ఉంది. ఇంట్లో నేనూ, నిద్రపోతున్న పిల్లా తప్ప ఎవరూ లేరు. ఆ పని చేసింది నేనే.

ఆమె గ్లాసుని ఒకసారి తిప్పి చూసింది. చాయ్ తాగింది. గ్లాసు తనే కడిగి మెట్టు మీద బోర్లించి, "పోతం బాయి" అని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. నేనూ ఆ గూడేనికి మళ్ళీ వెళ్ళలేదు.

*

మా అమ్మాయి బాధనీ, ఆ పెద్దావిడ మౌనాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకటి కావు. జపాన్‌లో బయటినుంచి వెళ్ళిన మనిషిని స్థానికులు గడప దగ్గర ఆపారు. ఉట్నూరులో స్థానికురాలిని, ఆమె నేలమీదే, బయటినుంచి వచ్చిన నేను ఆపాను. మొదటిది ఒంటరితనం. రెండోది అన్యాయం. ఇంకొకరి ఊళ్ళో ఉంటున్నాను కదా, నేనూ పరాయిదాన్నే కదా అని నా మీద నేను జాలిపడ్డ రోజులున్నాయి. పరాయి కావడం వేరు, బలహీనం కావడం వేరు. పరాయిగా వచ్చి కూడా పైచేయిగా బతకొచ్చు. ఆదిలాబాద్ అడవుల్లో చాలామందిమి అలాగే బతికాం.

చూడటం తప్పా అని ఎవరైనా అడగొచ్చు. తప్పు కాదు. జలపాతం చూస్తే జలపాతానికి పోయేదేమీ లేదు. కానీ మనుషుల్ని చూసేటప్పుడు చూపుకి ఒక ధర్మం ఉండాలి. నేను నిన్ను చూస్తే నువ్వు నన్ను చూడగలగాలి. నేను మీ ఇంటికొస్తే మీరు మా ఇంటికి రాగలగాలి. ఆ తిరుగుదారి మూసేసి చూసే చూపు ఎంత ప్రేమగా చూసినా దొంగచూపే. మన మీద పడే మగచూపు గురించి ఇన్నేళ్ళుగా రాస్తున్నాం, మాట్లాడుతున్నాం. ఆ గుమ్మంలోంచి పాలిచ్చే తల్లిని చూసినప్పుడు నా కళ్ళు ఎవరి కళ్ళు?

ఆ గుస్సాడీ ఆటలోనే దీనికి జవాబుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. దండారీ వేడుక ప్రదర్శన కాదు, అది రాకపోకల పండుగ. ఒక ఊరి బృందం ఇంకో ఊరికి చుట్టాలై వెళ్తుంది. ఆ ఊరివాళ్ళు ఎదురొచ్చి, తిండిపెట్టి, కలిసి ఆడతారు. ఆ ఊళ్ళ మధ్యే పెళ్ళి సంబంధాలు కుదురుతాయి. వెళ్ళినవాళ్ళకి రేపు వాళ్ళను పిలవాల్సిన బాధ్యత ఉంటుంది. మేము వెళ్ళిన రోజు ఆ ఊళ్ళో చుట్టాలు కానివాళ్ళం మేమొక్కరమే. ఆ పెద్దావిడ 'మీ ఇల్లు యాడ' అని అడిగింది మమ్మల్ని కూడా ఆ వరసలోకి తీసుకోవడానికేనేమో. నేనా అవకాశాన్ని సొట్టగ్లాసులో పోసి వెనక్కిచ్చేశాను.

ఇక్కడ చట్టం కూడా బయటివాళ్ళకి ఒక హద్దు గీసింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకి భూమి బదిలీ చెల్లదని 1959 నాటి భూబదలాయింపు నిబంధనలకు 1970లో చేసిన సవరణ చెబుతుంది. అందరూ దాన్ని 'వన్ ఆఫ్ సెవెంటీ' అంటారు. ముప్పై ఏళ్ళున్నా ఇక్కడ జాగా కొనుక్కోలేకపోయాం అని మావాళ్ళు ఇప్పటికీ సణుగుతారు. ఆ సణుగుడులో ఒకప్పుడు నేనూ ఉన్నాను. ఆ చట్టం ఎందుకొచ్చిందో, అది ఉన్నా ఎన్ని ఎకరాలు ఎవరెవరి చేతుల్లోకి పోయాయో తెలుసుకున్నాక నోరు మూతపడింది. చట్టాన్ని దాటడానికి కొందరు మగవాళ్ళు ఆదివాసీ స్త్రీలను చేసుకుని భూమి వాళ్ళ పేరున పెట్టి అనుభవించారు. అక్కడా ఆడదాని పేరే అడ్డం. భూమి ఆమెది కాదు, ఆ కాపురమూ ఆమెది కాదు. ఇంకొకరి ఊళ్ళో సొంతం చేసుకోకుండా బతకడం కూడా ఒక బతుకేనని నాకు ఆ చట్టమే నేర్పింది.

*

మార్లవాయి ఉట్నూరుకు దూరమేమీ కాదు. ఇప్పుడది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో ఉంది. గుస్సాడీ ఆటకు 2021లో పద్మశ్రీ అందుకుని, 2024లో కన్నుమూసిన కనకరాజుది ఆ ఊరే. అక్కడ పక్కపక్కన రెండు సమాధులున్నాయి. ఒకటి క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ది, రెండోది ఆయన భార్య ఎలిజబెత్‌ది. బెట్టీ అనేవారు.

ఆ కథ పైపైన అందరికీ తెలిసిందే. ఆయన ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండటంతో బ్రిటిష్‌వాళ్ళ దృష్టిలో శత్రుదేశస్థుడయ్యాడు. హైదరాబాద్ సంస్థానం దాటి వెళ్ళకూడదన్నారు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీంని చంపేశాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వానికి అప్పుడు తోచింది. ఆ పనిమీద వచ్చిన హైమన్‌డార్ఫ్ దంపతులు మార్లవాయిలో ఇల్లు వేసుకుని ఉన్నారు. 1943లో అక్కడ గోండీ భాషలో చదువు చెప్పే ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. భూమి పట్టాల కోసం ఆయన ప్రభుత్వానికి రాశాడు. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు ఆదివాసుల మొర వినే దర్బారు మొదలుకావడానికీ ఆయనే కారణం. ముందు తుపాకులు వచ్చాయి, ఆయన తర్వాత వచ్చాడు. ఆయన చేసిన మేలు చెప్పుకునేటప్పుడు ఈ వరస మర్చిపోకూడదు.

నాకు మాత్రం బెట్టీ గురించే ఆలోచన. ఆమె ఇంగ్లీషు మనిషి. 1938లో పెళ్ళి. పరదేశీయుణ్ణి పెళ్ళాడి అతని పౌరసత్వం పొందిన స్త్రీ తన బ్రిటిష్ పౌరసత్వం పోగొట్టుకోవాలన్నది అప్పటి చట్టం. 1948 చట్టం వచ్చేదాకా అది పూర్తిగా పోలేదు. అంటే పెళ్ళి ఆడదాన్ని పుట్టినింటికే కాదు, పుట్టిన దేశానికీ పరాయిని చేసేది. ఆమె భర్త వెంట చెంచుల దగ్గరికి, కొండరెడ్ల దగ్గరికి, గోండుల దగ్గరికి, తర్వాత హిమాలయాలకు వెళ్ళింది. 1979లో వచ్చిన గోండుల పుస్తకం మీద భర్త పేరు కింద 'సహకారంతో' అని ఆమె పేరుంటుంది. ఆ ఒక్క మాటలో ఎన్నేళ్ళ పని ఇమిడిపోయిందో మనం ఊహించగలం. మన ఇళ్ళలోనూ ఆ మాట కూడా లేకుండా జరిగిపోయే పని అది. దక్షిణాసియా మీద వచ్చిన మానవశాస్త్ర రచనల సూచికలు మాత్రం ఆమె సొంత పేరుతో వచ్చాయి. మొదటి సంపుటం 1958ది. ఇతరుల రచనలు ఎక్కడున్నాయో చూపించే పుస్తకాలకే ఆమె పేరు పైన వచ్చింది.

1987 జనవరిలో ఆమె హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయిలో సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో చనిపోయాడు. ఆయన చితాభస్మాన్ని కొడుకు 2012లో తెచ్చి ఆమె పక్కన ఉంచాడు. జీవితమంతా భర్త వెనక నడిచిన మనిషి దగ్గరికి చివరికి భర్తే వచ్చాడు. ఏటా జనవరిలో ఊరివాళ్ళు వాళ్ళను తలుచుకుంటారు.

ఆమె ఈ నేలను ప్రేమించింది కాబట్టి ఇక్కడ చోటు దొరికిందని అంటుంటారు. నాకు అంత తేలిక అనిపించదు. ప్రేమ మనం మన గురించి చెప్పుకునే మాట. నేనూ ఉట్నూరును ప్రేమించాననే చెప్పుకునేదాన్ని. తేడా ఇంకెక్కడో ఉంది. వాళ్ళ ఇంటికి గోండులు రాగలిగారు. అప్పుల గోడు, పోయిన భూమి గోడు చెప్పుకోగలిగారు. వాళ్ళని పని అడగగలిగారు. తెల్లవాళ్ళు కావడం, సర్కారు అండ ఉండటం వాళ్ళకు కలిసొచ్చిన మాట నిజమే. అయినా ఒక ఊరు మనల్ని ఏదైనా అడగగలిగిన రోజునే మనం ఆ ఊళ్ళో ఉన్నట్టు. అంతవరకు ఎన్నేళ్ళయినా తిరుగుతున్నట్టే లెక్క.

*

పుష్య అమావాస్యకి కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరుగుతుంది. మెస్రం వంశంవాళ్ళు కాలినడకన వెళ్ళి గోదావరి నీళ్ళు తెస్తారు. ఆ జాతరలో 'భేటింగ్' అని ఒక ఆచారం ఉంది. మెస్రం ఇళ్ళకు వచ్చిన కొత్త కోడళ్ళు తెల్లచీరలు కట్టుకుని, ముఖాలు కప్పుకుని, పెద్దావిడల వెంట వెళ్ళి నాగోబాకు పరిచయం అవుతారు. ఆ తర్వాతే వాళ్ళు ఆ వంశంలో మనిషి కింద లెక్క.

మొదటిసారి చూసినప్పుడు నాకు కోపమే వచ్చింది. వంశంలోకి వచ్చేది కోడలే ఎందుకు కావాలి, ముఖం కప్పుకోవడమెందుకు అని. ఆ ప్రశ్న ఇప్పటికీ వదులుకోలేదు. అయితే ఇంకో సంగతి కూడా తోచింది. మా అత్తగారింట్లో నన్ను ఎవరికి పరిచయం చేశారు? సామాను దింపినట్టు దింపారు. వంటింట్లో డబ్బాలు ఎక్కడుంటాయో చూపించారు. ఆడవాళ్ళమంతా వలస వచ్చినవాళ్ళమే. మనకు నేర్పింది మాత్రం ఒక్కటే, సర్దుకుపోవడం. కొత్తచోటికి వెళ్ళిన మనిషిని ఆ చోటికి పరిచయం చేయాలనీ, ఈమె ఎవరో చెప్పాలనీ, ఆ చోటి ముందు ఈమె ఒకసారి తలవంచి నిలబడాలనీ ఎవరూ నేర్పలేదు. ఆ తెల్లచీరల వరస చూస్తే, వచ్చిన మనిషిని లెక్కలోకి తీసుకునే పద్ధతి ఒకటైనా వీళ్ళకుందే అనిపించింది. మేము ఉట్నూరు వచ్చినప్పుడు ఎవరికీ పరిచయం కాలేదు. మాకు ఆ అవసరం ఉందనే అనుకోలేదు.

ఈ మధ్య ఆదివారాలు బాగా మారాయి. 2012లో కవ్వాల్ పులుల అభయారణ్యమైంది. హైదరాబాద్ నుంచి కార్లొస్తాయి, జన్నారంలో సఫారీ జీపులు తిరుగుతాయి. అదే అడవిలోంచి 2024లో మైసంపేట, రాంపూర్ ఊళ్ళవాళ్ళను బయటికి తరలించి వేరేచోట ఇళ్ళిచ్చారు. చూసేవాళ్ళు లోపలికి, ఉన్నవాళ్ళు బయటికి. పులికి చోటు కావాలన్నమాటను నేను కాదనను. కానీ ఒకే అడవిలో ఒకరి ఆదివారానికీ ఇంకొకరి బతుకుకీ ఇలా వేరు వేరు దారులు పడటం చూస్తే, ఎవరు ఎవరికి పరాయి అన్న ప్రశ్న మళ్ళీ మొదటికొస్తుంది.

*

మా అమ్మాయి ఫోన్ చేసిన నెల తర్వాత నేను ఆ గూడేనికి వెళ్ళాను. ఇరవై ఏడేళ్ళ తర్వాత. ఆమె లేదు, ఏడెనిమిదేళ్ళ కింద పోయిందట. కోడలుంది. "ఎందుకొచ్చిన్రు?" అని అడిగింది. తిరగడానికి అని చెప్పలేను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మీ అత్త మా ఇంటికొచ్చింది, లోపలికి పిలవలేదు, వేరే గ్లాసుల్లో చాయ్ ఇచ్చాను అన్నాను. ఏడుస్తుందనో తిడుతుందనో అనుకున్నాను. "నాకు యాది లేదు బాయి. అసొంటియి శానా అయితయి" అంది. నా పాపం నాకు ఎంత పెద్దదైనా, ఆమెకది రోజూ జరిగేవాటిలో ఒకటి. క్షమాపణ అడగడానికి వెళ్ళి, అది కూడా నాకోసమే అడుగుతున్నానని అర్థమై సిగ్గుపడ్డాను.

కాసేపయ్యాక ఆమే లోపలికెళ్ళి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చింది. అందులో కూతురి సర్టిఫికెట్లు. ఇంటర్ అయిపోయింది, నర్సింగ్‌లో చేర్చాలి, ఏ కాగితం ఎక్కడివ్వాలో తెలియడం లేదంది. "మీరు సదువుకున్నోళ్ళు గదా. రేపు మీ ఇంటికి తోలిస్త, సూస్తరా?" అంది.

ఆ పిల్ల మర్నాడు వచ్చింది. వంటింట్లో కూర్చునే దరఖాస్తు నింపాం. ఇప్పుడు అప్పుడప్పుడు వస్తుంది, కొన్నిసార్లు నాకు పని తగిలిస్తుంది, కొన్నిసార్లు నా చేతి చాయ్ బాగాలేదని చెబుతుంది. దీనితో పాత లెక్క తీరిందని నేననుకోవడం లేదు. ఆ పెద్దావిడకు చూపించాల్సిన ఇల్లు ఆమెకు చూపించలేదు. అది అలాగే ఉంటుంది.

ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మా, ఆమె వచ్చినప్పుడు నేను లోపల నిద్రపోతున్నానా?" అని మాత్రం అడిగింది. ఔనన్నాను.

మొన్న ఆదివారం ఫోటోలు రాలేదు. ఫోన్ చేస్తే చెప్పింది. చెత్త తప్పు రోజున పెట్టిందని సంచికి స్టిక్కర్ అంటించి వదిలేశారట. సిగ్గుతో చచ్చిపోయిందట. పక్కింటి ముసలావిడ బయటికొచ్చి, సీసా మూతలు ఎలా విప్పాలో, పైకాగితం ఎలా ఊడదీయాలో అరగంట నిలబడి చేసి చూపించిందట. ఒకప్పుడైతే దీన్ని అవమానంగా చెప్పుకునేది. ఈసారి వేరేలా చెప్పింది.

"ఇక్కడ నన్ను మొదటిసారి ఒకరు ఒక పని అడిగారమ్మా. సరిగ్గా చెయ్యమన్నారు."

తర్వాత ఆవిడని లోపలికి రమ్మని పిలిచిందట. ఆవిడ రాలేదు. వచ్చే ఆదివారం మళ్ళీ పిలుస్తానంది.